రెండో సీటు

పలెర్మో
మార్చి 12, 1997

ఫిలిప్పా వదినకు,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవు. మొన్న ఎత్తావు, నా గొంతు వినగానే పెట్టేశావు. ఇక రాయక తప్పడం లేదు. నా చేతిరాత ఎప్పుడూ అంతంత మాత్రమే. ఇప్పుడు కంటికి పొర కూడా వచ్చింది, కాబట్టి వంకర పోయిన చోట సర్దుకుని చదువుకో.

అసలు సంగతి ఇది. షెడ్డు ఖాళీ చేయాలి. పాత యజమాని పోయాక కొడుకు వచ్చాడు. అక్కడ అపార్ట్‌మెంట్లు లేపుతాడట. జూన్ ఆఖరు దాకా గడువిచ్చాడు. వెనకటి రోజుల్లో అయితే రెంచి తీసుకుని వాడి వెంట పడేవాణ్ణి. "అలాగేలే నాయనా" అని ఊరుకున్నాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి వదినా, అది అయిపోయింది.

షెడ్డులో మిగిలింది మన కారొక్కటే. అన్నయ్యా నేనూ కట్టిన మూడింటిలో మొదటిది కొండకు గుద్దుకుని పోయింది. రెండోదాన్ని కొన్నవాడు విప్పి ముక్కలుగా అమ్ముకున్నాడు. ఈ మూడోదాన్ని దుప్పటి కప్పి దాచాను. ఎలుకలు వైర్లు కొరికేశాయి, ముందు టైర్లు నేలకు అతుక్కుపోయాయి. అయినా ఇంజన్ తిరుగుతుంది.

బ్రెషా నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. పాత పందెం కార్లంటే పిచ్చి మనిషి. మంచి సూటు వేసుకుని నా షెడ్డు నేల మీద వెల్లకిలా పడుకున్నాడంటే చూడు. ముక్కు దగ్గర్నుంచి తోక దాకా అంతా నచ్చింది. పక్క సీటు దగ్గర ఆగిపోయాడు. అసలుది తీసేశాక నారింజ పెట్టెల పలకలతో చేసి నల్ల రంగు పూశామే, ఆ చెక్క సీటు. గోటితో గీకాడు. రంగు కింద నారింజ వ్యాపారి పేరు బయటపడింది. నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేయను!

నవ్వాక చెప్పాడు. పాత కార్ల పందేలకు పంపాలంటే కారు అప్పట్లో ఎలా ఉండేదో అలాగే ఉండాలట. అప్పటి ఫోటోలో రెండు సీట్లకూ ఒకే చట్రం, ఒకే గుడ్డ. కొత్తది చేసి పెడితే ఒప్పుకోరట. అసలు సీటు దొరికితే కారు మొత్తంగా తీసుకెళ్తాడు, పరిగెత్తిస్తాడు. లేదంటే తనకొద్దు. తను వద్దంటే ఇక మిగిలింది కతానియా పాత సామాన్లవాడు. వాడు ఇంజనూ గేర్‌బాక్సూ పట్టుకుపోయి, మిగతాది రేకుల కింద కోసేస్తాడు.

ఆ సీటు నీ వంటింట్లో ఉంది. అన్నయ్య గుర్తుగా దాచుకున్నావని తెలుసు. కానీ ఆయన గుర్తు కారంతా ఉంది కదా. బస్సు డ్రైవరుకిచ్చి పంపు. నేను స్టాండులో దింపుకుంటాను.

నీ మరిది
గాస్పరే


రోకాస్పీనా
మార్చి 20

గాస్పరే,

నిన్ననే సాన్ జుసెప్పే పండుగ అయింది. గుడి దగ్గర ఊరందరికీ వడ్డించే బల్ల కోసం వీధి ఆడవాళ్ళందరం కలిసి వండాం. గిన్నెలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. మోకాళ్ళు లేవనివ్వడం లేదు. కూర్చునే రాస్తున్నాను, ఎందులో కూర్చున్నానో నీకు తెలుసు.

సీటు ఇవ్వను.

ఉత్తరం ఇక్కడితో ఆపేయొచ్చు కానీ, ఇంత చిన్నది పంపితే మనిషి పోయిందేమో అనుకుంటావు. ఉన్నాను.

ఫోన్ ఎందుకు పెట్టేశానో కూడా చెబుతాను. ఫోన్‌లో నీ గొంతు అచ్చం మీ అన్న గొంతే. మనిషి పోయి రెండేళ్ళయింది. వంటింట్లో నిలబడి ఉండగా "హలో, ఫిలిప్పా వదినా" అని వినిపిస్తే, ఆ "వదినా" వచ్చేలోపు నాకు ఏమవుతుందో నీకు తెలియదు. అందుకే ఉత్తరాలే రాయి. నీ రాత మాత్రం ఎవరి రాతలానూ ఉండదు.

ఇంకొకటి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎలుకలు కొరికిన వైర్ల గురించి ఉంది. డాక్టరు సూటు గురించి ఉంది. "ఎలా ఉన్నావు" అన్న ముక్క మాత్రం వెతికినా దొరకలేదు. మీ తుమ్మినెల్లో వంశం మగవాళ్ళకు అది చేతకాదని అప్పుడే మా అమ్మ చెప్పింది.

ఫిలిప్పా


పలెర్మో
ఏప్రిల్ 6

వదినా,

ఎలా ఉన్నావు? అడిగేశాను. సంతోషమేనా?

ఒక కుర్చీ కోసం కారును కోయిస్తావా? అది కుర్చీ కూడా కాదు, నాలుగు సన్నటి గొట్టాలు, దాని మీద నువ్వే కుట్టిన గుడ్డ. వంటింట్లో కూర్చోవడానికి వేరే ఏదీ దొరకదా? మెత్తటి కుర్చీ కొని నేనే పంపుతాను. నీ వీపుకూ మంచిది.

కోపంగా రాస్తున్నానని అనుకోకు. కన్ను సరిగా ఆనక గట్టిగా ఒత్తి రాస్తున్నాను, అందుకే అక్షరాలు అలా కనిపిస్తున్నాయి. నిద్రపోయేముందు రోజూ ఒకటే ఆలోచన. ఇరవై ఏళ్ళు మేమిద్దరం రేకులు కొట్టాం. పెద్ద కంపెనీల వాళ్ళు ఇంజనీర్లను పెట్టుకుంటే మేము మన మామయ్య గొర్రెల కొట్టంలో కట్టాం. అందులో ఒక్కటైనా నిలిచి ఉండాలి కదా. నేను పోయాక ఎవడైనా "ఇదెవరు కట్టారు?" అని అడగడానికి.

1969 మే నెల గుర్తు చేసుకో. మీ రోకాస్పీనా కొండ పందెం. పొద్దున చౌరస్తాలో తనిఖీ. ఆ తరహా కారుకు రెండు సీట్లు ఉండి తీరాలని నియమం, కానీ రెండో దాంట్లో ఎవరూ కూర్చోరు. అందుకే తనిఖీ అయిపోగానే బోల్టులు విప్పి సీటు తీసేసేవాళ్ళం. అందరూ అదే చేసేవాళ్ళు, కాస్త బరువు తగ్గితే కాస్త సమయం కలిసొస్తుందని. తీసిన సీటు పట్టుకుని నువ్వు మేకల మలుపులో కూర్చునేదానివి. ఆ మలుపు దగ్గరే ఆ రోజు అన్నయ్య అందరినీ మించిపోయాడు. పైన జెండా పడగానే నేను టోపీ విసిరేస్తే అది లోయలో పడింది. కొండ అటు పక్క నుంచి దిగి సెఫలూ వెళ్ళి చేపల భోజనం చేశాం. మామయ్య బల్లెక్కి పాడాడు. నువ్వు అలిసిపోయి మీ అమ్మగారింట్లో ఉండిపోయావని అన్నయ్య చెప్పాడు.

మన జన్మలో అంత మంచి రోజు మళ్ళీ వచ్చిందా? ఆ రోజు సీటు కదా అది. అది కార్లో ఉండటమే న్యాయం.

గాస్పరే


రోకాస్పీనా
ఏప్రిల్ 20

గాస్పరే,

మెత్తటి కుర్చీ నువ్వే ఉంచుకో.

నీ మంచి రోజు నాకూ గుర్తుంది. నువ్వు చెప్పింది చాలా వరకు నిజమే. నీకు తెలియనిది చెబుతాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని కూడా లేదు. కానీ ఆ రోజు పేరు పెట్టి సీటు అడిగావు కాబట్టి వినాలి.

బోల్టులు విప్పి సీటు నా చేతిలో పెడుతూ మీ అన్న ఏమన్నాడో తెలుసా? "మేకల మలుపులో కూర్చో ఫిలిప్పా. అక్కడ నువ్వున్నావని తెలిస్తే నాకు భయముండదు." ఇగ్నాజియో నోటి నుంచి అలాంటి మాట రావడం మహా అరుదు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. వెళ్ళి కూర్చున్నాను. వచ్చాడు, నన్ను చూసి స్టీరింగ్ మీది నుంచి వేళ్ళు ఎత్తాడు, పోయాడు. ఆ వేళ్ళు ఎత్తినందుకు రోజంతా కూర్చోమన్నా కూర్చునేదాన్ని.

రోజంతా కూర్చున్నాను కూడా. చివరి కారు పోయింది. దారి తెరిచారు. జనం దిగిపోయారు. మలుపులో పేర్చిన గడ్డి కట్టలు ఎత్తి బండిలో వేసుకుపోయారు. పోలీసు వచ్చి "ఎవరి కోసమమ్మా?" అన్నాడు. "మా ఆయన వస్తాడు" అన్నాను. "ఎవరు మీ ఆయన?" "గెలిచినాయన." వాడు నన్నూ సీటునూ చూసి తల ఊపి వెళ్ళిపోయాడు. నమ్మలేదనుకుంటాను. తర్వాత మేకలు దిగాయి. వాటి వెనక వచ్చిన కాపరి కూడా అదే అడిగాడు. ముఖం అటు తిప్పుకున్నాను.

మునిమాపు వేళ సీటు నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి నడిచాను. బార్ ముందు కూర్చున్న మగవాళ్ళు మాటలు ఆపేశారు. నేను దాటాక ఒకడన్నాడు, "చూశారా, ఫిలిప్పాను మొగుడు దింపేసి పోయాడు, సామానుతో సహా" అని. అందరూ నవ్వారు. మా అమ్మ తలుపు తీసి, నా నెత్తి మీదున్నది చూసి, "ఏం చేశావే?" అంది. ఆయనేం చేశాడని కాదు. నేనేం చేశానని.

మర్నాడు మధ్యాహ్నానికి మీ అన్న వచ్చాడు. గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట, "సీటు నీ దగ్గరే ఉంది కదా? హమ్మయ్య. వచ్చే ఆదివారం కతానియాలో తనిఖీ ఉంది."

"నా కోసం వచ్చావా, సీటు కోసం వచ్చావా?" అని అడిగాను.

"రెండిటికీ" అన్నాడు. గాస్పరే, అది కూడా కాసేపు ఆలోచించి అన్నాడు. తడుముకోకుండా అబద్ధమాడినా సరిపోయేది.

ఆయనతో వెళ్ళాను. వెళ్ళక ఎక్కడికి పోతాను? సీటు మాత్రం వంటింట్లో దింపి, "ఇది ఇక కారెక్కదు" అన్నాను. ఆయన వాదించలేదు. పెరట్లోకి వెళ్ళి నారింజ పెట్టెలు విరవడం మొదలుపెట్టాడు. ఆ రోజు మాట ఆ తర్వాత ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పోట్లాడుకోలేదు, బాగానే బతికాం. ఆయన పోయినప్పుడు నిజంగానే ఏడ్చాను. ఈ ఊరికి తిరిగొచ్చేటప్పుడు ఆ సీటు వెంట తెచ్చుకున్నాను, అంతే.

అది ఆయన గుర్తు కాదు. నన్ను మరిచిపోయారన్న దానికి గుర్తు. ఇప్పుడు నువ్వూ రాశావు, మొదటి ముక్క నుంచీ సీటే.

ఫిలిప్పా


పలెర్మో
మే 4

వదినా,

ఉత్తరం చదివి ఆ రోజు పని చేయలేకపోయాను. పని అంటే ఏముంది, రెంచులు పెట్టెలో సర్దడం. అదీ చేయలేదు.

నాకు తెలియదు. ఒట్టు. నువ్వు నా లారీలో ఉన్నావని అన్నయ్య అనుకున్నాడు, మామయ్య కార్లో ఉన్నావని నేననుకున్నాను. సెఫలూలో కసాటా కేకు కోస్తుంటే అత్తయ్య అడిగింది, "ఫిలిప్పా ఏదర్రా?" అని. అన్నయ్య ముఖం పాలిపోయింది. వెంటనే "వాళ్ళమ్మ దగ్గర ఉండిపోయింది, అలిసిపోయిందట" అన్నాడు. మేము మళ్ళీ తినడంలో పడ్డాం. నీ వాటా ముక్క కూడా నేనే తిన్నాను. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు, రాయకుండా ఉండలేకపోయాను.

రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. దీన్ని సరిచేస్తాను. మే 18, ఆదివారం. వైర్లు అతికించి, టైర్లు మార్చి, కారును లారీ మీద వేసుకుని మేకల మలుపుకు వస్తాను. ఈసారి ఎవరూ నిన్ను వదిలేసి పోరు. నువ్వు మధ్యాహ్నం మూడింటికి సీటు తీసుకుని అక్కడికి వచ్చి, నా కోసం వేచి ఉండు. నేనే నిన్ను ఎక్కించుకుంటాను. ఊరంతా చూసేలా ఇంటి దాకా తీసుకెళ్తాను.

ఎలా ఉంది? ఇంత మంచి ఆలోచన నాకు వస్తుందని నేనే అనుకోలేదు.

గాస్పరే


పలెర్మో
మే 19

వదినా,

నిన్న వచ్చాను. నువ్వు రాలేదు.

జవాబు రాయలేదు కాబట్టి రావడం ఖాయమనుకున్నాను. మన ఇళ్ళల్లో కాదంటేనే కదా రాస్తారు. మూడింటికి ముందే చేరాను. లారీ పక్కకు ఆపి, కారు మీద దుప్పటి తీసి, రేకు తుడిచి, రాయి మీద కూర్చున్నాను.

మొదట్లో నీ మోకాళ్ళ వల్ల ఆలస్యమనుకున్నాను. తర్వాత కోపం వచ్చింది. తర్వాత అదీ పోయింది. ఏ బండి చప్పుడైనా లేచి నిలబడేవాణ్ణి. ఆ మలుపులో చప్పుడు ముందు వస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తాడు. ఆ మధ్యలో ప్రతిసారీ నువ్వే అనుకోవడం, కాకపోవడం. ఒక రైతు బండి ఆపి "తాతా, ఎవరైనా రావాలా?" అన్నాడు. "మా వదిన వస్తుంది" అన్నాను. అతను కారునూ నన్నూ చూసి తల ఊపి పోయాడు. నీ పోలీసు గుర్తొచ్చాడు.

లేచి వెళ్ళిపోదామంటే, అటు వెళ్ళగానే నువ్వు వస్తావేమోనని భయం. అలా కూర్చునే ఉన్నాను. నీకు కూడా ఇదేనా వదినా? వెళ్ళిపోతే తప్పు మనదవుతుందని కూర్చున్నావా?

ఊళ్ళో దీపాలు పడ్డాయి. మీ ఇల్లు అక్కడికి దగ్గరే, రావచ్చు. కానీ వస్తే మళ్ళీ గుమ్మంలో నిలబడి సీటు అడగడమే అవుతుంది. లారీ తిప్పుకుని వచ్చేశాను. నీకు "వేచి ఉండు" అని రాశానని దారిలో కానీ తట్టలేదు. దిద్దుతానని బయల్దేరి కూడా నిన్నే కూర్చోబెట్టాలనుకున్నాను. మీ అమ్మ చెప్పింది నిజమే.

అక్కడ కూర్చుని ఉంటే ఒకటి గుర్తొచ్చింది. నీకు చెప్పాలి. పలెర్మో ఇంట్లో ఒకసారి నువ్వు బజారుకెళ్ళినప్పుడు నేను ఆ సీట్లో కూర్చుని కాఫీ అడిగాను. అన్నయ్య వచ్చి నా మెడ పట్టుకుని లేపాడు. "లేవరా. అది దాని చోటు" అన్నాడు. నవ్వులాటకనుకుని మళ్ళీ కూర్చోబోయాను. ఆయన నవ్వడం లేదు. "నేను కూడా కూర్చోను అందులో" అన్నాడు. నీ మీద ఏదో అలకనుకున్నాను అప్పుడు.

సీటు ఇక అడగను. పాత సామాన్లవాడికి కబురు పంపాను, నెలాఖరుకు వస్తాడు. నాకు బాధ లేదని చెప్పను. ఉంది. కానీ అలసిపోయాను, కారు కూడా అలసిపోయి ఉంటుంది.

గాస్పరే


రోకాస్పీనా
మే 24

గాస్పరే,

చూశాను.

మా అమ్మగారింటి వరండాలో నిలబడితే మేకల మలుపు కనిపిస్తుంది. మా నాన్న వేటకు తీసుకెళ్ళే దుర్భిణి ఇంకా ఉంది. నువ్వు రేకు తుడవడం చూశాను. రొట్టె తిని సగం చొక్కాకు రాల్చుకోవడం చూశాను. ప్రతి బండికీ లేవడం చూశాను.

రావాలనే అనుకున్నాను. పొద్దున్నే తల దువ్వుకుని మంచి గౌను వేసుకున్నాను. కానీ నీ ఉత్తరం మళ్ళీ తీసి చూస్తే "వేచి ఉండు" అని ఉంది. అంతే, కాళ్ళు కదల్లేదు. నువ్వు అక్కడ కూర్చుంటే తెలుస్తుందిలే అనుకున్నాను. తెలియాలని చాలా ఏళ్ళుగా ఉంది నాకు, మీ ఇద్దరిలో ఎవరికో ఒకరికి. తీరా నువ్వు దీపాలు పడే దాకా కూర్చుంటే సంతోషమేమీ కలగలేదు. రెండుసార్లు చెప్పులు వేసుకుని విప్పేశాను. ముసలివాడివై పోయావు. వంగి నడుస్తున్నావు.

"అది దాని చోటు" అన్నాడా ఆయన? ఆ మాట నాతో అనడానికి ఏమొచ్చింది? ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో తిన్నాం. నేను ఆ సీట్లో, ఆయన చెక్క బల్ల మీద. నడుము నొప్పని మూలుగుతూ కూడా ఎప్పుడూ "కాస్త లే, నేను కూర్చుంటా" అనలేదు. మొండితనం అనుకున్నాను. ఉత్తరం చదివాక ఆ బల్లనే తలుచుకుని చాలాసేపు ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

పాత సామాన్లవాణ్ణి రావద్దను. డాక్టరుకు ఫోన్ చెయ్యి.

సీటు గుమ్మం పక్కన పెట్టాను. గుడ్డ ఉతికాను, కుట్టు ఊడిన చోట మళ్ళీ కుట్టాను. కూర్చున్న గుంట మాత్రం పోలేదు, పోనివ్వను కూడా. బస్సులో పంపను. నెత్తిన మోసుకుని ఎక్కడికీ రాను. నువ్వే రా, కారు కూడా తీసుకురా. ఇక్కడే నా ముందే బోల్టులు బిగించు. ప్రతి ఊళ్ళోనూ తనిఖీవాళ్ళకు "ప్రయాణికుడి సీటు ఉంది" అని చూపించారు మీరు. ఆ ప్రయాణికుడు ఎవరని ఒక్కడూ అడగలేదు. డాక్టరు పట్టుకుపోయేలోపు నన్ను ఒక్కసారి అందులో కూర్చోబెట్టుకుని మేకల మలుపు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకురా. మెల్లిగా పోనీ. బార్ ముందు నుంచి పోనీ. అప్పుడు నవ్వినవాళ్ళలో ఇద్దరు ఇంకా అక్కడే కూర్చుంటున్నారు.

గుమ్మంలోకి వచ్చాక ముందు ఏమంటావో వింటాను.

ఫిలిప్పా


పలెర్మో
మే 28

వదినా,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వేళకు తింటున్నావా? పొద్దున మెట్లు దిగేటప్పుడు ఎవరైనా తోడుంటున్నారా?

ఆదివారం నీ కోసం వస్తున్నాను. నువ్వెక్కడా వేచి ఉండకు.

గాస్పరే